ఇంటిపేరు గళ్లు

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో బకీ రేవు. ఆదివారం పొద్దున, గ్రెగర్ గ్రాంట్, ఇష్‌బెల్ గ్రాంట్‌ల వంటిల్లు. కూతురు రోనా పెళ్లికి ఇంకా ఎనిమిది వారాలుంది.

“కట్టను.”

“నేనింకా ఏమీ అనలేదు గ్రెగర్.”

“రెండు రొట్టెలు పెట్టావ్. రోజూ ఒకటే పెడతావ్. కట్టను.”

“ఆకలేస్తుందేమోనని పెట్టాను.”

“ఆకలేస్తోంది. తింటాను. ఆ గళ్ల లంగా, ఆ కిల్ట్ మాత్రం కట్టను.”

“కిల్ట్ అని నేనన్నానా?”

“నిన్న అన్నావ్. మొన్న అన్నావ్. గురువారం నేను పడవ ఇంజను కింద దూరి ఉంటే, రేవు దాకా నడిచొచ్చి మరీ అన్నావ్. అక్కడ పనిచేసేవాళ్లంతా విన్నారు.”

“విని ఏమన్నారు?”

“నా పిక్కలు చూడటానికి టికెట్టు పెట్టమన్నారు.”

“చూశావా? జనానికి చూడాలనుంది.”

“ఇష్‌బెల్, మా వాళ్లు చేపలు పట్టి బతికారు. మా తాత జన్మంతా తొడిగింది నూనె పూసిన ప్యాంటు. కిల్ట్ మాది కాదు, కొండల మీద వాళ్లది. ఇప్పుడైతే బిస్కెట్ డబ్బాల మీద వాళ్లది.”

“మీ నాన్న కట్టాడు.”

“టీ చల్లారిపోయింది.”

“ఆలెక్ కట్టాడు. హాల్లో ఫోటో ఉంది. రోజూ దాని కిందే బూట్లు వేసుకుంటావ్.”

“ఆయన వేరు.”

“ఎలా వేరు?”

“వేరంతే. జామ్ అయిపోయిందా?”

“నీ చేతిలో ఉంది.”

“ఊఁ.”

“పెళ్లికొడుకు ఫిన్లే తరపున స్కై దీవి నుంచి పదకొండు మంది వస్తున్నారు. పదకొండు మందీ కిల్టుల్లోనే.”

“పదకొండు చాలు. పన్నెండోదెందుకు?”

“పెళ్లికూతుర్ని నడిపించుకెళ్లేది ఆ పదకొండు మందీ కాదు కాబట్టి.”

“గాలి.”

“ఏం గాలి?”

“బకీ గాలి. చర్చి గట్టు మీదుంది. సముద్రం మీంచి తిన్నగా మెట్ల మీదికే కొడుతుంది.”

“ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ గ్రెగర్. దాన్ని లేపాలంటే గాలి చాలదు, క్రేను కావాలి.”

“లోపలేం వేసుకోవాలి?”

“నీ ఇష్టం.”

“మగాడైతే ఏమీ వేసుకోకూడదంటారు.”

“యాభై ఎనిమిదేళ్లున్నాయి నీకు. ఇప్పుడు ఎవరు పరీక్ష పెడతారు?”

“మాగీ పిన్ని పెడుతుంది. ఆండ్రూ పెళ్లిలో పెళ్లికొడుకు కిల్ట్‌నే చేతికర్రతో ఎత్తి చూసింది.”

“మాగీ పిన్నికి స్తంభం వెనకాల కుర్చీ వేయిస్తాను.”

“కట్టను ఇష్‌బెల్.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. రొట్టె తిను.”

అదే రోజు మధ్యాహ్నం, హాల్లో. ఇష్‌బెల్ చేతిలో గళ్ల దుప్పటి ఉంది.

“ఒక్క నిమిషం. కదలకు.”

“ఇది కుక్క పడుకునే దుప్పటి.”

“ఉతికాను.”

“కుక్క నన్నే చూస్తోంది.”

“దానికి నచ్చావ్. ఇటు తిరుగు. మడత వెనక్కి రావాలి... ఆఁ. బెల్టు ఇవ్వు.”

“బెల్టు ఇస్తే ప్యాంటు జారిపోతుంది.”

“ప్యాంటు విప్పమనేగా పది నిమిషాల నుంచి మొత్తుకుంటున్నాను.”

“పొద్దున సరే అన్నావ్.”

“అన్నాను. ఇది కిల్ట్ కాదుగా, దుప్పటి. ఎలా ఉంటావో చూస్తున్నాను, అంతే. కడుపు లోపలికి లాగు.”

“లాగాను.”

“ఇదా లాగటం?”

“ఫోను మోగుతోంది.”

“రోనా. వీడియో కాల్.”

“ఎత్తకు.”

“ఎత్తేశాను.”

“అమ్మా! కుర్చీలు ఎన్ని చెప్పా... నాన్నా? ఏంటది?”

“చలి.”

“జూలైలోనా?”

“బకీలో.”

“కుక్క దుప్పటి కదా అది? అమ్మా, నాన్నని వేధిస్తున్నావా?”

“వేధిస్తోంది,” గ్రెగర్ గొంతు.

“వదిలెయ్ అమ్మా. నాన్న ప్యాంటు వేసుకొచ్చినా నాకేం పర్లేదు.”

“విన్నావా ఇష్‌బెల్? పర్లేదంది.”

“దాని మాట ఇంకా అవలేదు గ్రెగర్.”

“నిజంగా పర్లేదు నాన్నా. ఏం లేదు, తాతయ్యది ఆ ఒక్క ఫోటోనే కదా బావుండేది. ఎర్ర గళ్లలో, చర్చి మెట్ల మీద, ఎవరో తిట్టినట్టు మొహం పెట్టుకుని. అవే మెట్ల మీద నువ్వూ నేనూ నిలబడి ఒకటి తీయించుకుంటే, రెండూ పక్కపక్కన పెట్టుకుందామనుకున్నా. మా కొత్తింట్లో. అంతే. పర్లేదులే.”

“ఊఁ.”

“నాన్నా?”

“ఊఁ అన్నానుగా.”

“సరే. దుప్పటి జారుతోంది చూసుకో. ఉంటా.”

“ఏమిటలా చూస్తావ్ ఇష్‌బెల్?”

“నేను గోడ చూస్తున్నా.”

“ఎంత గుడ్డ పడుతుందన్నావ్?”

“గ్రెగర్!”

“అడిగానంతే. అడగకూడదా?”

“ఎనిమిది గజాలు. నీకు తొమ్మిది.”

“ఇన్వర్‌నెస్‌లో అద్దెకిస్తారట.”

“అద్దె కిల్టా? నీకంటే ముందు ఎవడు కట్టాడో. వాడు మగాడై లోపలేం వేసుకోలేదేమో.”

“...అయితే కుట్టిద్దాం. ఇన్వర్‌నెస్‌లో.”

“అరవై మైళ్లు ఎందుకు? మూడు వీధుల అవతల ఫార్కర్ గారున్నారు. ఊళ్లో సగం కిల్టులు ఆయన కుట్టినవే.”

“ఆయన పెద్దవాడైపోయాడు. కళ్లు కనిపించవు.”

“పోయిన వారమే చర్చిలో నా జాకెట్టు గుండీ ఊడబోతోందని మూడు వరసల వెనకనుంచి చెప్పాడు.”

“ఇన్వర్‌నెస్ వెళ్దాం. దారి బావుంటుంది. అలా కారు నడుపుకుంటూ.”

“నీకు కారు నడపడమంటే చిరాకు.”

“ఈ మధ్య నచ్చుతోంది.”

“మంగళవారం నాలుగింటికి రమ్మన్నారు ఫార్కర్ గారు.”

“ఎప్పుడడిగావ్?”

“పోయిన నెల.”

మంగళవారం, నాలుగు దాటి పది నిమిషాలు. వాన. ఫార్కర్ గారి కుట్టు కొట్టు.

“రా అమ్మా ఇష్‌బెల్, రా. గొడుగు అక్కడ పెట్టు. గ్రెగర్, లోపలికి రావయ్యా. తలుపు తీసి నిలబడితే గుడ్డలకి చెమ్మ పడుతుంది.”

“ఇక్కడ బానే ఉందండీ.”

“గుమ్మంలో కొలతలు తియ్యలేను.”

“తియ్యక్కర్లేదు. ముప్ఫై ఎనిమిది.”

“ఏది ముప్ఫై ఎనిమిది?”

“నడుము.”

“నలభై రెండండీ,” ఇష్‌బెల్ అంది.

“అది ప్యాంటు లెక్కమ్మా. కిల్ట్ బొడ్డుకి పైన కడతారు, ఆ కొలత వేరు. కోటు విప్పు గ్రెగర్.”

“చలిగా ఉంది.”

“ఎనభై రెండేళ్లు నాకు. నాకే లేదు చలి.”

“విప్పు గ్రెగర్. ఆయన్ని ఎంతసేపు నిలబెడతావ్?”

“విప్పుతున్నా. గుండీ పట్టేసింది.”

“పోనీ ముందు గుడ్డ చూడు. నువ్వొస్తున్నావని నిన్ననే తెప్పించి పెట్టాను. ఇదిగో, మీ ఇంటిపేరు వాళ్లు కట్టే గ్రాంట్ గళ్లు. ఈ ఎరుపు చూడు, ఎంత లోతుగా ఉందో. కొన్నిచోట్ల నేస్తారు, టమాటా రసంలా ఉంటుంది. ఇది అలా కాదు.”

“ఎంత బావుందో! గ్రెగర్, అచ్చం ఫోటోలోదే.”

“ఊఁ.”

“ఒక్కసారి నీ మీద వేసి చూస్తాను. ఇలా తిరుగు. భుజం కొంచెం...”

“చెయ్యి తియ్యండి.”

“గ్రెగర్!”

“తియ్యండి అంటున్నాను. నాకు... రేవులో పనుంది. కారులో ఉంటా.”

“గ్రెగర్! ఏయ్! ...వెళ్లిపోయాడు. ఫార్కర్ గారూ, ఏమీ అనుకోకండి. ఎప్పుడూ ఇలా చెయ్యడు. మొండివాడే గానీ, మొరటువాడు కాదు.”

“తెలుసమ్మా.”

“అయిదు నిమిషాలివ్వండి. ఆ గుడ్డ మడిచెయ్యకండి.”

“మడవను. నువ్వెళ్లు.”

కొట్టుకి ఎదురుగా ఆపిన కారులో, ఇద్దరే.

“తాళం ఇవ్వు.”

“ఇవ్వను. పెద్దాయన చెయ్యి తోసేశావ్.”

“తోయలేదు. తియ్యమన్నాను.”

“ఆయన మొహం చూశావా?”

“చూడలేదు.”

“నేను చూశాను.”

“...ఎలా ఉంది?”

“ఎలా ఉంటే నీకెందుకు? సిగ్గుతో చచ్చాను. వద్దంటే వద్దని ఇంట్లోనే చెప్పొచ్చుగా!”

“చెప్పాను. ఆదివారం మొత్తం చెప్పాను.”

“గాలి అన్నావ్. మాగీ పిన్ని అన్నావ్. అవి కారణాలా?”

“అవి నా గళ్లు కావు.”

“ఏంటీ?”

“ఆ ఎర్రవి. గ్రాంట్ గళ్లు. అవి నావి కావు ఇష్‌బెల్.”

“నీ ఇంటిపేరు గ్రాంట్. నా ఇంటిపేరు గ్రాంట్ అయిందే నీ వల్ల.”

“ఇంటిపేరే గ్రాంట్. నేను కాదు.”

“అర్థమయ్యేట్టు చెప్పు.”

“అమ్మ పోయే ముందు, ఆసుపత్రిలో. నువ్వు టీ తేవడానికి కిందికెళ్లావ్. నా చెయ్యి పట్టుకుని, ‘ఆలెక్ నిన్ను కన్న తండ్రి కాదురా’ అంది. తర్వాత కిటికీ వెయ్యమంది. తర్వాత నువ్వు టీ తెచ్చావ్.”

“...రెండేళ్లయింది అత్తయ్య పోయి.”

“రెండేళ్ల నాలుగు నెలలు.”

“నాకు చెప్పలేదు.”

“చెప్దామనే అనుకున్నా.”

“ఎప్పుడు?”

“ఆ టీ తాగాక.”

“నిన్ను కొట్టాలనుంది గ్రెగర్.”

“కొట్టు.”

“సీటు బెల్టు అడ్డొస్తోంది.”

“విప్పుకో.”

“ముందు చెప్పడం పూర్తి చెయ్యి.”

“ఏముంది చెప్పడానికి? నాకు ఈత నేర్పింది ఆలెక్. పానా పట్టుకోవడం నేర్పింది ఆలెక్. ఆయన శవపేటిక ముందు కొస నా భుజం మీదే మోశాను. ఆ ఎర్ర కిల్టులోనే పూడ్చాం. ఇప్పుడు అవే గళ్లు కట్టుకుని ఊరందరి ముందూ చర్చి మెట్లెక్కితే... ఆయన పెట్టెలోంచి దొంగిలించినట్టుంటుంది. కాదురా, అవి నీవి కావురా అనడానికి కూడా ఆయన లేడు.”

“ఆలెక్‌కి తెలుసా ఈ సంగతి?”

“తెలుసట. పెళ్లికి ముందే అమ్మ చెప్పేసిందట, కడుపుతో ఉన్నానని.”

“ఏమన్నాడట?”

“‘అయితే వచ్చే నెల దాకా ఎందుకు, వచ్చే వారమే చేసుకుందాం’ అన్నాడట. అంతేనట. మళ్లీ జన్మలో ఆ మాట ఎత్తలేదట.”

“ఆలెక్ అంతే అని ఉంటాడు. నమ్ముతాను.”

“నేనూ నమ్ముతాను. అదే కష్టంగా ఉంది.”

“అయితే గ్రెగర్, తెలియక ఇచ్చింది కాదుగా ఆ పేరు.”

“అంటే?”

“ఎవరూ ఆయన్ని మోసం చెయ్యలేదు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. అన్నీ తెలిసి, నిన్ను ఎత్తుకుని చర్చికి తీసుకెళ్లి, పుస్తకంలో గ్రెగర్ గ్రాంట్ అని రాయించాడు. కన్నవాడైతే ఇవ్వక తప్పదు కాబట్టి ఇస్తాడు. ఈయన మానేస్తే అడిగేవాడు లేడు. అయినా ఇచ్చాడు. అవి నీ గళ్లు కాకపోతే ఇంకెవరివి? ఆయన ఇష్టంగా ఇచ్చినదాన్ని గుమ్మంలోంచి విసిరికొట్టి వచ్చావ్ నువ్వు.”

“నేను విసరలేదు.”

“గుడ్డ నేల మీద పడింది గ్రెగర్. నేనే తీశాను. మొహం తుడుచుకో.”

“వాన.”

“మనం కారులో ఉన్నాం.”

“...కడతాను.”

“ఆఁ?”

“కడతానంటున్నా. ఎర్రవే. రోనా ఫోటో తీయించుకుంటుంది, మెట్ల మీద నిలబడతాను, మాగీ పిన్ని ఏం చేసుకుంటుందో చేసుకోనీ. కానీ ఇన్వర్‌నెస్‌లో కుట్టించు.”

“మళ్లీ ఇన్వర్‌నెస్ ఏంటి?”

“ఇక్కడ వద్దు.”

“పాపం, ఆయన గొడుగు కూడా లేకుండా కొట్టు బయటికొచ్చి నిలబడ్డాడు. ఇటే చూస్తున్నాడు.”

“చూస్తున్నాడా?”

“చెయ్యి ఊపుతున్నాడు. నువ్వూ ఊపు, బాగుండదు.”

“రెండేళ్ల నుంచి ఈ వీధిలోంచి రావడం మానేశాను ఇష్‌బెల్. రేవు నుంచి పై రోడ్డు చుట్టూ తిరిగొస్తున్నా. ఆలస్యమెందుకయిందని నువ్వడిగితే ట్రాఫిక్ అన్నాను.”

“బకీలో ట్రాఫిక్. ఒక్కరోజు కూడా నమ్మలేదు. తాగడానికి వెళ్తున్నావనుకున్నా.”

“అమ్మ ఆ రోజు పేరు కూడా చెప్పింది.”

“ఎవరి పేరు?”

“నన్ను కన్నాయన పేరు.”

“...ఎవరు?”

“చెయ్యి ఊపుతున్నాడన్నావుగా.”

“ఫార్కర్ గారా?”

“ఊఁ.”

“మన ఫార్కర్ గారా?”

“ఈ వీధిలో ఇంకో ఫార్కర్ గారు లేరు.”

“ఆయనకి తెలుసా?”

“తెలీదు. పని నేర్చుకోడానికి గ్లాస్గో వెళ్లాడట. మొదట్లో వారానికో ఉత్తరం, తర్వాత నెలకొకటి, తర్వాత లేవు. తిరిగొచ్చేసరికి అమ్మకి పెళ్లయిపోయింది. ఆయనకి చెప్పలేదు, చెప్పను కూడా చెప్పను అనుకున్నానంది. నాకెందుకు చెప్పిందో అదీ తెలీదు.”

“దేవుడా! పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ సూదీ దారంతోనే బతికాడు ఆయన.”

“కిల్ట్ కొలతలు ఎలా తీస్తారో తెలుసా నీకు? మోకాళ్ల మీద కూచుని తీస్తారు. అంతసేపూ ఆయన నెత్తి చూస్తూ నిలబడాలి నేను. ఏం మాట్లాడను? వాతావరణం గురించా?”

“మాట్లాడొచ్చు. వాన పడుతోందిగా.”

“ఇష్‌బెల్.”

“సరే. సరే గ్రెగర్. ఇన్వర్‌నెస్ వెళ్దాం. ఇంక నేనేమీ అనను. ఇదిగో తాళం. తీసుకో.”

“తడుస్తున్నాడు.”

“అవును.”

“ఈ వయసులో. లోపలికి పోవచ్చుగా.”

“పోడు. మొండివాడు. ఇలాంటివాణ్ణి ఇంకోణ్ణి ఎరుగుదును.”

“జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?”

“నన్నడిగితే నాకేం తెలుసు?”

“దిగు.”

“ఎక్కడికి?”

“దిగమంటున్నా. గొడుగు లోపలే వదిలేశావ్.”

మళ్లీ కొట్టులో. ఫార్కర్ గారు టేపు మెడలో వేసుకుని నేల మీద మోకరిల్లారు. ఇష్‌బెల్ గోడ వైపు కుర్చీలో కూచుంది.

“ఫార్కర్ గారూ, ఇందాక... చెయ్యి తియ్యమన్నాను. తప్పయిపోయింది.”

“నా చేతులు చల్లగా ఉంటాయి గ్రెగర్. చాలామంది ఉలిక్కిపడతారు.”

“అది కాదు...”

“నిటారుగా నిలబడు. కిందికి చూడకు, మడత వంకర వస్తుంది.”

“వాన ఎక్కువైంది.”

“ఎక్కువైంది.”

“రేపటికి తగ్గుతుందంటున్నారు.”

“అంటున్నారు. ఏ గళ్లో తేల్చుకున్నావా? ఇదేనా, ఇంకేవైనా తియ్యనా?”

“అవే. గ్రాంట్ గళ్లు. మా నాన్నవి.”

“మంచిది. కొంచెం ఇటు తిరుగు.”

“ఫార్కర్ గారూ, మీకేం ఇబ్బంది లేదుగా... అంటే, ఎనిమిది వారాలు కూడా లేవు, ఒక్కరే కుట్టాలి...” ఇష్‌బెల్ అంది.

“నాకెందుకమ్మా ఇబ్బంది? ఈ గుడ్డే కోస్తానని ఎప్పుడో ఒప్పుకున్నాను.”

“ఎవరితో?”

“ఆలెక్‌తో. వీడు పుట్టిన వారానికి ఒక్కడే వచ్చాడు కొట్టుకి. ఇదిగో, సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు. ‘బిడ్డ నీ బిడ్డ, పేరు నా పేరు. పేరు జోలికి రాకు, నేనొచ్చినట్టు నా పెళ్లాం నెటాకి తెలియనివ్వకు. వాడు కిల్ట్ కట్టే రోజంటూ వస్తే గుడ్డ నాది, కుట్టు నీది’ అన్నాడు. మీ పెళ్లికే వీణ్ణి తీసుకొద్దామని చూశాడు పాపం, మీరిద్దరూ ఎవరికీ చెప్పకుండా అబర్డీన్‌లో సంతకాలు పెట్టేసి వచ్చారు. ఊపిరి వదులు నాయనా, నడుం కొలత తప్పొస్తోంది.”